ఆటకు గీటురాయి: వీడియో గేమ్ విమర్శ, దాని పద్ధతులు

పుస్తకానికీ సినిమాకూ ఉన్నట్టే వీడియో గేముకూ ఒక విమర్శ సంప్రదాయం ఉంది; 1979లో అమెరికాలోని ‘వీడియో’ పత్రికలో బిల్ కుంకెల్, ఆర్నీ కాట్జ్ ‘ఆర్కేడ్ ఆలీ’ అనే శీర్షిక మొదలుపెట్టిన నాటి నుంచి లెక్క వేసినా దాని వయసు నాలుగున్నర దశాబ్దాలు. టీవీకి తగిలించి ఆడే యంత్రాన్ని కన్సోల్ అనీ, తెరా బొత్తాలూ ఒకే డబ్బాలో ఇమిడి రెండు చేతుల్లో పట్టుకుని ఆడేదాన్ని హ్యాండ్‌హెల్డ్ అనీ అంటారు. ఈ రెండింటి కోసం తయారైన ఆటలను ఓపికగా ఆడి, బాగుంటే ఎందుకు బాగుందో, బాగాలేకపోతే ఎక్కడ చెడిందో కారణాలతో చెప్పడం ఆ విమర్శకుల పని. ఇంగ్లీషులోనూ జపనీసులోనూ ఈ పని ఒక విద్యగా ఎదిగింది, తెలుగు పత్రికల్లో మాత్రం దానికి ఇంకా ఒక స్థిరమైన చోటు ఏర్పడలేదు.

ఈ లోటు గురించి కడప జిల్లా వైపు నుంచి ఆలోచించడానికి బలమైన కారణమే ఉంది. ఆధునిక తెలుగు విమర్శలో మొహమాటం లేని తీర్పుకు పేరుపడ్డ రాచమల్లు రామచంద్రారెడ్డి 1922లో పులివెందుల ప్రాంతంలోని పైడిపాలెంలో పుట్టి, ప్రొద్దుటూరులో చాలాకాలం నివసించి, 1968లో ‘సంవేదన’ త్రైమాసిక పత్రికను నడిపినవారు. ఆయన ‘సారస్వత వివేచన’ చదివినవారికి తెలుసు, రచయిత ఎంత పెద్దవాడన్నది ఆయన లెక్కలోకి రాదు. చేతిలో ఉన్న రచన పాఠకుడి మనసులో ఏం చేసిందన్నదే ఆయన అడిగే ప్రశ్న. గేమ్ విమర్శకుడూ అదే ప్రశ్న అడుగుతాడు, కాకపోతే మనసుతో పాటు చేతిని కూడా అడుగుతాడు.

చేతితో మొదలుపెట్టడమే ఈ విద్యలో మొదటి పద్ధతి. బొత్తాం నొక్కిన మరుక్షణమే తెర మీది బొమ్మ ఎగిరిందా, లేక కంటికి ఆనకపోయినా బొటనవేలికి తెలిసిపోయేంత ఆలస్యం జరిగిందా, గోతి అంచున జారిపడినప్పుడు తప్పు తనదేనని ఆటగాడు ఒప్పుకోగలిగాడా, లేక యంత్రం మోసం చేసిందని కంట్రోలర్ విసిరికొట్టాలనిపించిందా అన్నవి విమర్శకుడు ముందుగా చూసే విషయాలు. ఓడిపోయిన ఆటగాడు మళ్లీ ఆడబోయాడంటే ఆ ఆటలో న్యాయం ఉన్నట్టే. ఇందులో కెమెరా పాత్ర కూడా పెద్దదే: మూడు కొలతల్లో గీసిన లోకంలో బొమ్మ వెనకాలే నడిచే దృష్టికోణాన్ని కెమెరా అంటారు, అది గోడ చాటుకు పోయి శత్రువును దాచేసిందంటే ఎంత అందమైన చిత్రణ అయినా వృథా.

రెండో పద్ధతి స్థలాన్ని చదవడం. ఆటలో ఒక్కో అంచెను లెవెల్ అంటారు. దేన్ని ముందు చూపాలి, దేన్ని దాచాలి, ఆటగాణ్ణి ఎటు నడిపించాలి అన్న కూర్పును లెవెల్ డిజైన్ అంటారు. ఈ మాట అర్థం కావడానికి జమ్మలమడుగు దగ్గరి గండికోట మంచి ఉదాహరణ. కోటలోకి వచ్చినవారికి మాధవరాయస్వామి గుడి గోపురం దూరం నుంచే కనిపిస్తూ దారి గుర్తుగా నిలబడుతుంది, జామా మసీదునూ ధాన్యాగారాన్నీ దాటుకుంటూ ఎర్రటి బండల మీదుగా నడుస్తుంటే ముందు ఏమీ లేదనిపిస్తుంది, చివరి రాయి ఎక్కేసరికి పెన్నా లోయ కాళ్ల కింద ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఎవరూ చెయ్యి పట్టి తీసుకుపోకుండానే మనిషిని ఆ అంచు దాకా నడిపించిన ఆ కూర్పు లాంటిదే మంచి గేములోనూ ఉంటుంది, దాన్ని గుర్తుపట్టి పేరు పెట్టి చెప్పడం విమర్శకుడి వంతు. కథ ఒక నీతి చెబుతూ, ఆట నియమాలు దానికి ఎదురు నీతిని ఆటగాడి చేత చేయిస్తే కలిగే వైరుధ్యానికి కూడా ఈ సంప్రదాయం పేరు పెట్టింది: 2007లో ‘బయోషాక్’ అనే ఆటను పరిశీలిస్తూ ఆటల రూపకర్త క్లింట్ హాకింగ్ దాన్ని ‘లూడోనెరటివ్ డిసొనెన్స్’ అన్నాడు, ఆటకూ కథకూ శ్రుతి కలవకపోవడమన్నమాట.

హ్యాండ్‌హెల్డ్ దగ్గరికి వచ్చేసరికి కొలతలు మారతాయి. 1989లో నింటెండో తెచ్చిన గేమ్ బాయ్‌కు రంగులు లేవు, తెర పాచిరంగులో మసకగా ఉండేది, వేగంగా కదిలే బొమ్మ వెనక నీడలా చార మిగిలేది. మరుసటి ఏడాది సెగా తెచ్చిన గేమ్ గేర్‌కు రంగుల తెర ఉంది, వెనక వెలుగు ఉంది. అయినా నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచే యంత్రం ముందు, ఆరు బ్యాటరీలను నాలుగైదు గంటల్లోనే తాగేసే యంత్రం నిలవలేదు. బాగా నలిగి చవకైన సాంకేతికతనే కొత్త రకంగా వాడాలన్నది గేమ్ బాయ్ రూపకర్త గున్‌పే యొకోయ్ సూత్రం. జేబులో పెట్టుకు తిరిగే ఆటను ఎండలో తెర కనిపిస్తుందా, బస్సు వచ్చినప్పుడు ఎక్కడికక్కడ ఆపవచ్చా, పది నిమిషాల్లో ఒక తృప్తి దొరుకుతుందా అని విమర్శకులు అడగడం అప్పటి నుంచే స్థిరపడింది.

ఈ ప్రశ్నలు రాయలసీమ పిల్లలకు కొత్తవి కావు. తొంభైల్లో చిన్న ఊళ్లకు చేరిన హ్యాండ్‌హెల్డ్ గేమ్ బాయ్ కాదు, మీద ‘9999 ఇన్ 1’ అని రాసి ఉండే ఇటుకల ఆట. అడ్డానికి పది గళ్లు, నిలువుకు ఇరవై గళ్లు, అన్నీ నల్ల చతురస్రాలే. అందులోనే ఇటుకలు పడేవి, పాము పాకేది, కారు పరుగెత్తేది. తొమ్మిది వేల పైచిలుకు ఆటలన్న మాట అబద్ధమనీ, నిజంగా ఉన్నవి కొన్నేననీ, మిగతావన్నీ వాటి వేగం మార్చి లెక్క పెంచినవేననీ అరుగుల మీద పిల్లలు తేల్చేశారు. ఎక్కడా అచ్చు కాకపోయినా అది పక్కా విమర్శే.

మార్కుల సంగతి వేరు. 1986లో జపాన్‌లో మొదలైన ‘ఫామిట్సు’ పత్రికలో నలుగురు విమర్శకులు ఒకే ఆటకు విడివిడిగా పదేసి మార్కులకు తీర్పు ఇస్తారు. నలభైకి నలభై తెచ్చుకున్న మొదటి ఆట 1998 నాటి ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్’. నాలుగు చూపులు పక్కపక్కన నిలబడతాయి కనుక ఈ పద్ధతిలో అభిప్రాయభేదం పాఠకుడికి కనిపిస్తుంది. 2001లో వచ్చిన మెటాక్రిటిక్ అనే వెబ్‌సైట్ ఆ భేదాన్నంతా చెరిపి, తాను ఎంచుకున్న పత్రికల సమీక్షలన్నిటినీ నూటికి ఇంత అన్న ఒక్క అంకెగా దించింది. 2010 నాటి ‘ఫాలౌట్: న్యూ వేగస్’ తయారీదారులకు 85 వస్తేనే అదనపు సొమ్ము అని ఒప్పందం ఉండగా, వచ్చింది 84. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో ఒరగల్లు మీద గీసి మచ్చు చెప్పడం సాధ్యమేనంటే అక్కడ పరీక్షించేది ఒకే లోహం కనుక. ఆటలో చిత్రం, సంగీతం, కథ, చేతి పట్టు కలిసి ఉన్నాయి, వాటిని ఒకే గీతగా గీయడం న్యాయం కాదు.

తెలుగు నేల మీద ఆట విమర్శ పరీక్షకు వచ్చింది 2009లో. హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ తయారుచేసింది, పూర్తిగా భారతదేశంలోనే రూపొందిన మొదటి కన్సోల్ గేముగా అది చరిత్రకెక్కింది. విమర్శకులు దాన్ని మెచ్చలేదు. అమెరికాలోని హిందూ నాయకుడు రాజన్ జెద్ మరో వైపు నుంచి అభ్యంతరం లేవనెత్తి, దేవుణ్ణి మీటలతో ఆడించడం అపచారమని, ఆటను వెనక్కి తీసుకోవాలని కోరారు. చర్చ మార్కులకూ మనోభావాలకూ మధ్య నలిగింది గానీ, అసలు ప్రశ్నను తెలుగులో ఎవరైనా నింపాదిగా విప్పి చూడాల్సింది.

ఎందుకంటే హనుమంతుణ్ణి చేత్తో ఆడించడం ఇక్కడ తరతరాల విద్య. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ తోలుబొమ్మలాట విద్యను నిలిపినందుకు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో మేకతోలు మీద రంగులద్దిన హనుమంతుడు దీపపు వెలుగులో తెల్లటి తెరకు ఆని నిలబడతాడు, కీళ్ల దగ్గర దారంతో కుట్టిన చేతులు పుల్లల కొసన లేస్తాయి, కాలి కింది చెక్క టకటకలాడగానే లంక అంటుకుంటుంది. ఆ చేతుల్ని కదిపేది మనిషి వేళ్లే అయినా చూసేవారికి అపచారం తోచదు, ఎందుకంటే అక్కడ కథ ముందే నిశ్చయమైంది, హనుమంతుడు ఓడిపోడు. గేములో మాత్రం చేతగాని వేళ్ల వల్ల ఆయన కింద పడతాడు, మళ్లీ మొదటి నుంచి లేవాలి. అభ్యంతరం మీటల మీద ఉన్నట్టు కనిపించినా దాని వేరు ఈ ఓటమిలో ఉంది. ఆ సంగతి చెప్పగలిగేది ఆట నియమాలను చదవగలిగిన విమర్శ ఒక్కటే.

అదే ఏడాది హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర ప్లేస్టేషన్ 2కూ, పీఎస్‌పీ అనే హ్యాండ్‌హెల్డ్‌కూ కలిపి ‘దేశీ అడ్డా’ అనే ఆటల కూర్పు తెచ్చింది; కబడ్డీ, గాలిపటాలు, బిళ్ళంగోడు అందులో ఉన్నాయి. బిళ్ళంగోడులో బిళ్ళ మొనను గోడుతో తాకీ తాకనట్టు కొట్టి, అది గాలిలో గిర్రున తిరుగుతుండగా మణికట్టు విసురుతో దూరం పంపాలి. బొత్తానికి తర్జుమా అయ్యేసరికి అదనులో కొట్టడం మిగులుతుంది, మణికట్టు పోతుంది. పులిజూదం అలా కాదు. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు బిందువులు. పులి మేకను దాటి చంపుతుంది, మేకలు కలిసికట్టుగా పులికి దారి లేకుండా కడతాయి. ఇందులో ఉన్నదంతా ఎత్తులూ నియమాలే కనుక చేతి యంత్రంలోకి నష్టం లేకుండా దిగగలదు, బలాలు సమానం కాకపోయినా ఆట సమంగా సాగే ఆ తూకాన్ని ఏ దేశపు విమర్శకుడైనా మెచ్చుకుంటాడు. పులుల మందలు తిరిగిన చోటు కనుకనే పులివెందుల అయిందని చెప్పుకునే ఊరి ప్రాంతానికి ఇంతకంటే తగిన గేమ్ మరొకటి ఉండదు.

అందుకే కడప జిల్లా సాహిత్య సంస్థలకూ తెలుగు వారపత్రికల సంపాదకులకూ ఒక మనవి: పుస్తక సమీక్షకు ఇచ్చే పుటలో నెలకు ఒక్కసారైనా ఒక గేముకు చోటివ్వండి, దాన్ని చివరిదాకా ఆడినవారి చేతనే రాయించండి, మార్కులు అడగకండి, కారణాలు అడగండి.