అంతరిక్షంలో ఊరు: రిసాలి వేసిన రెండు ప్రశ్నలు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో రిసాలి ఒక భాగం. ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో చాలా ఉన్నాయి. 2025 జూలైలో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న రోజుల్లో, రిసాలిలోని ఒక టీ దుకాణం దగ్గర విన్న మాటలివి.

"ఇంకో వందేళ్లకి జనం ఆకాశంలోనే ఊళ్లు కట్టుకుంటారు తాతా" అన్నాడొక కాలేజీ కుర్రాడు.

బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన నవ్వి, "కట్టుకోండి బాబూ. మరి కోక్ ఎక్కడిది? నీళ్లెక్కడివి?" అన్నాడు.

ఇవి కాలక్షేపం కబుర్లని కొట్టిపారెయ్యకండి. అంతరిక్ష నగరాలపై వచ్చిన ఒక ప్రసిద్ధ గ్రంథాన్ని ఈ రెండు ప్రశ్నలతోనే పరీక్షించవచ్చు. అది ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు జెరార్డ్ ఓనీల్ 1970లలో రాసిన 'ద హై ఫ్రాంటియర్'. నిజానికి ఆ పుస్తకం పుట్టిందీ ఒక ప్రశ్న నుంచే. పెరుగుతూ పోయే సాంకేతిక నాగరికతకు గ్రహం ఉపరితలమే తగిన చోటా అని ఆయన 1969లో తన మొదటి సంవత్సరం విద్యార్థులను అడిగాడు. వారితో మొదలైన లెక్కలు 1974లో 'ఫిజిక్స్ టుడే' పత్రికలో వ్యాసమై, తరువాత పుస్తకమయ్యాయి.

ఓనీల్ ఊహించిన పెద్ద నగరం సుమారు 32 కిలోమీటర్ల పొడవు, 6.4 కిలోమీటర్ల వ్యాసం గల స్తూపాకారపు గొట్టం. అది తన చుట్టూ తాను తిరుగుతుంది. లోపలి గోడ మీద నిలబడినవారికి భూమి మీద ఉన్నంత బరువే తెలుస్తుంది. ఎంత వేగంగా తిరగాలో మీరే లెక్క కట్టవచ్చు. వ్యాసార్ధాన్ని గురుత్వ త్వరణంతో భాగించి, దాని వర్గమూలాన్ని 2పై చేత గుణించండి. ఇది మీరు లోలకానికి చదివిన సూత్రమే! సుమారు 114 సెకండ్లకు ఒక చుట్టు అని వస్తుంది. ఈ లెక్కల్లో పుస్తకానికి వంక పెట్టలేం.

ఇక తాతగారి మొదటి ప్రశ్న. సామగ్రిని చంద్రుడి నుంచి తెద్దామన్నాడు ఓనీల్. అక్కడ గురుత్వం భూమి మీదున్న దానిలో ఆరోవంతే కనుక ఇది తెలివైన ఆలోచన. అపోలో యాత్రలు తెచ్చిన మట్టిలో ఆక్సిజన్, సిలికాన్, అల్యూమినియం, ఇనుము ఉన్నాయి. కాని కార్బన్, నత్రజని, హైడ్రోజన్ అతి స్వల్పం. భిలాయిలో ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేసేది కోక్‌లోని కార్బనే. అల్యూమినియం తీసే విద్యుద్విశ్లేషణలో సైతం కార్బన్ ఎలక్ట్రోడ్లు అరిగిపోతుంటాయి. చంద్రుడి మీద లేని మూలకాలను మొదట భూమి నుంచి, తరువాత గ్రహశకలాల నుంచి తెచ్చుకోవచ్చని ఓనీల్ జవాబు. అందుకు ఆయన నమ్ముకున్నది స్పేస్ షటిల్ చవక ప్రయాణాలను. 1981 నుంచి 2011 వరకు షటిల్ ఎగిరింది మొత్తం 135 సార్లు. అది ఆశించినంత చవకా కాలేదు.

రెండో ప్రశ్న ఇంకా కఠినమైనది. అమెరికాలోని అరిజోనాలో 'బయోస్ఫియర్ 2' అనే గాజు భవనంలో 8 మంది 1991 నుంచి 1993 వరకు రెండేళ్లు మూసుకుని జీవించారు. లోపలి ఆక్సిజన్ సుమారు 21 శాతం నుంచి 14.5 శాతం దాకా పడిపోయింది. మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడేశాయి, అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కాంక్రీటు పీల్చుకుంది. చివరకు బయటి నుంచి ఆక్సిజన్ పంపవలసి వచ్చింది. పుస్తకం అంతకు ముందుదే కనుక ఓనీల్‌ను తప్పు పట్టలేం. కాని గాలి, నీరు, పంట వాటంతటవే సర్దుకుంటాయన్న ధీమా పుస్తకమంతటా కనిపిస్తుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 2023లో 98 శాతం నీటిని తిరిగి వాడుకోగలిగింది. గొప్ప విజయమే. అయితే ఓనీల్ చెప్పిన 10,000 మంది చిన్న నగరంలో మనిషికి రోజుకు 100 లీటర్లు వాడితే, మిగిలిన 2 శాతం నష్టమే రోజుకు 20 టన్నులు!

ఇక్కడే భిలాయి మనకు పాఠం చెబుతుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. కొత్తగా కట్టిన ఊరే, కాని ఒంటరి ఊరు కాదు. ఖనిజం దల్లీ-రాజ్‌హరా నుంచి, సున్నపురాయి నందిని నుంచి, నీరు తాండులా వంటి జలాశయాల నుంచి, బొగ్గు ఎంతో దూరం నుంచి రావాలి. వీటిలో ఏది ఆగినా కొలిమి ఆగుతుంది. ఓనీల్ తన నగరవాసుల ఉత్తరాలను కూడా ఊహించి రాశాడు. వాటిలో తోటలు, విహారాలు ఉన్నంతగా రాత్రి షిఫ్టులో పంపు బాగుచేసే మనిషి లేడు. ఈ గ్రంథంలోని పెద్ద లోటు అదే.

అయినా చదవండి. పెన్సిలు పట్టుకుని, లెక్కలు సరిచూస్తూ చదవండి. ప్రతి పేజీలోనూ ఏ వస్తువు ఎక్కడి నుంచి వస్తుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు అని అడగండి. ముందుగా మీ ఇంటి కుళాయి నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి. ఓనీల్ విద్యార్థులు జవాబు వెతికింది కూడా ఇలాంటి మామూలు ప్రశ్నలకే.