పక్క వరుసలోని మనిషి

డర్బన్‌లోనో మారిషస్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబం తన ముత్తాత పుట్టిన ఊరు వెతకాలనుకుంటే ముందుగా ఆయన పేరే పట్టుకుంటుంది. అది సహజమే గానీ, ఆ దారిలో ఎక్కువమంది మధ్యలోనే ఆగిపోతారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా ఒప్పంద కూలీలు డర్బన్ ఉన్న నాటాల్‌కు వెళ్లారు. ఓడ రిజిస్టర్లలో ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది గుర్తులు రాశారు. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. తెలుగువాళ్లు ఒకరినొకరు పోల్చుకునే మొదటి ఆనవాలే అక్కడ జారిపోయింది. తర్వాతి తరాల్లో నాయుడు, రెడ్డి వంటి మాటలే ఇంటిపేర్లుగా స్థిరపడటంతో పాత ఇంటిపేరు ఇంకా లోతుకు పోయింది. మిగిలిన పేరు మనిషిని పట్టివ్వదు, ప్రాంతాన్ని చూపుతుంది. అప్పలస్వామి, సింహాద్రి అంటే సింహాచలం అప్పన్న కొలువైన సీమ తలపుకొస్తుంది, పెంచలయ్య అంటే నెల్లూరు వైపు. కానీ ఉత్తరాంధ్రలో అప్పలస్వామి లేని ఊరేది?

అందుకే నా వాదన ఇది: దొరకని పూర్వీకుణ్ణి ఒంటరిగా వెతకకూడదు, అతని ముందు వెనుక నంబర్లవాళ్లతో కలిపి వెతకాలి. ఒకే ఇంటివాళ్లు, కలిసి బయల్దేరినవాళ్లు ఆ రిజిస్టర్లలో తరచు వరుసగా కనిపిస్తారు. గుమాస్తా చెవికి వినబడినట్టు రాసిన ఊరి పేరు ఒక వరుసలో అర్థం కాకపోయినా, పక్క వరుసలో మరోలా రాసినప్పుడు రెండూ కలిసి అసలు పేరును బయటపెడతాయి. జిల్లాల మార్పుల చిక్కు కూడా ఇలాగే వీడుతుంది. ఇంగ్లీషువాళ్లు చికాకోల్ అని రాసిన శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది గంజాం ఒడిశాకు పోయాక శ్రీకాకుళం విశాఖపట్నం జిల్లాలో చేరింది, 1950లో సొంత జిల్లా అయింది. 'గంజాం' అన్న మాట చూసి ఇవాళ్టి ఒడిశాలో వెతికితే ఏళ్లు గడిచిపోతాయి. పక్క వరుసలో స్పష్టంగా చదవగలిగే తాలూకా పేరు ఒకటి ఉంటే చాలు, ఆ తిరుగుడు తప్పుతుంది.

ఓడెక్కే ముందు కూలీలను ఉంచిన మద్రాసు డిపోలో ఆర్కాటువాళ్లూ గోదావరివాళ్లూ కలిసిపోయారు కదా, పక్క నంబరు పక్క ఊరివాడని నమ్మకమేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నంబరు ఒక్కటే సాక్ష్యం కాదు. అదే తాలూకా, అదే ఓడ, దిగాక అదే తోట యజమాని అని మూడు చోట్లా కలిసినప్పుడే జట్టు అనుకోవాలి. అప్పులకో ఇంటి కష్టాలకో పారిపోయినవాళ్లు పేరూ కులమూ మార్చి చెప్పి ఉండొచ్చన్నది మరో అభ్యంతరం. చెప్పి ఉండొచ్చు. కానీ ఆ అబద్ధం ఒకరి వరుసనే చెరుపుతుంది, తోడు వచ్చిన నలుగురి వరుసలు అలాగే ఉంటాయి. ఇక డీఎన్ఏ పరీక్ష. దాని విలువను కాదనను. కానీ మేనరికాలు తరతరాలుగా సాగిన మన కుటుంబాల్లో దూరపు చుట్టం దగ్గరివాడిలా కనిపిస్తాడు. పైగా ఆ ఊరివాళ్లెవరూ పరీక్ష చేయించుకోకపోతే ఊరు పేరు ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు కష్టం ఊరు దొరికాక మొదలవుతుంది. రెవెన్యూ దస్తావేజులు భూమి చుట్టూ తిరుగుతాయి. ఓడెక్కినవారిలో చాలామందికి సెంటు భూమి లేదు. వాళ్ల తండ్రి పేరు కాగితమ్మీద మిగిలింది బహుశా ఆ ఓడ రిజిస్టరులోనే. ఇక్కడ కూడా జట్టే ఆధారం. కలిసి వెళ్లినవారిలో ఒకరి అన్నదమ్ముల పేరున పట్టా ఉన్నా, ఒప్పంద గడువు ముగిశాక ఉచిత తిరుగు ప్రయాణ హక్కు వాడుకుని ఒకరు తిరిగొచ్చినా, వాళ్ల సంతానం ఊళ్లో ఉండే అవకాశముంది. మా తాత ఫలానా ఇంటివాళ్లతో కలిసి ఓడెక్కాడు అన్న జ్ఞాపకం ఆ ఇంట్లో మిగిలి ఉంటే, భూమిలేని మనిషి ఇంటిపేరు కూడా అక్కడే తెలుస్తుంది. కాబట్టి వెతికేవాళ్లు ఊళ్లోకి వెళ్లేటప్పుడు తమ ముత్తాత పేరొక్కటే కాక, ముందు వెనుక నంబర్లవాళ్ల పేర్లూ, వాళ్ల తండ్రుల పేర్లూ రాసుకెళ్లాలి, అడగడం భూమి ఉన్న ఇళ్ల నుంచి మొదలుపెట్టాలి.