సూదికి ముందే రక్తం తీయించుకోండి

బొగ్గు గనుల శ్రీరాంపూర్‌లో ‘ఇస్నోఫిలియా’ అన్న మాట వినని ఇల్లుండదు. దగ్గొచ్చినా, దురదొచ్చినా అదే పేరు. రక్త పరీక్షలు చేసే నాకు ఆ మాటతో ముందు గుండే గుర్తొస్తుంది.

గాజు పలక మీద రక్తపు చుక్కను పల్చగా లాగి, ఆరాక లీష్‌మన్ రంగు పోసి, తెల్లకణాలను వంద దాకా లెక్కపెడతాం. రెండు తమ్మెల కేంద్రకం, నిండా నారింజ ఎరుపు గింజలు ఉంటే అది ఈసినోఫిల్. మైక్రోలీటరు రక్తంలో ఇవి 500 దాటితే ఎక్కువ, అదే ఇస్నోఫిలియా. 1500 దాటి తగ్గకుంటే గుండెనూ చూడాలి. పురుగులను చంపేందుకు ఆ గింజల్లో ఉన్న విషమే గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తాయి, ట్రోపోనిన్ పెరుగుతుంది; యాంజియో తీస్తే రక్తనాళాల్లో అడ్డే కనిపించదు. ఈసినోఫిల్స్ పెరగడానికి కారణం ఏదో మందు పడకపోవడం కావచ్చు, రక్త క్యాన్సర్ కావచ్చు, కుక్క పేగుల్లో ఉండే టాక్సోకారా పురుగు కావచ్చు. దాని గుడ్లు మట్టిలోంచి నోట్లోకి పోతాయి. పిల్లపురుగులు ఒంట్లో తిరుగుతూ అరుదుగా గుండెకూ చేరతాయి.

బాయి (గని) పనికీ ఈసినోఫిల్‌కీ పాత సంబంధమే. 1902లో ఇంగ్లండ్‌లోని డోల్కోత్ తగరపు గనిలో కార్మికులు పాలిపోతుంటే, కారణం కొంకిపురుగని హాల్డేన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఆయనా, బాయ్‌కాట్ అనే డాక్టరూ వాళ్ల రక్తంలో ఈసినోఫిల్స్ పెరగడం గమనించారు. వెచ్చటి తడి నేల, గని లోపల మరుగుదొడ్డి లేకపోవడం పురుగుకు కలిసొచ్చాయి. ఈ పురుగు గుండె కండరానికి వాపు తేవడం అరుదు. కానీ రక్తం తాగి గుండెకు పని పెంచుతుంది.

నా భయమంతా డెక్సా అనే స్టెరాయిడ్ సూది గురించే. ఒళ్లునొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర ఆ సూది వేయించుకుంటే, కొన్ని గంటల్లోనే రక్తంలో ఈసినోఫిల్స్ పడిపోతాయి. దొరకాల్సిన ఆనవాలు పోతుంది. అంతకన్నా ప్రమాదం, లోపల స్ట్రాంగిలాయిడిస్ పురుగు ఉంటే స్టెరాయిడ్ దాన్ని ఒళ్లంతా పాకిస్తుంది, ప్రాణమే తీయొచ్చు. అయితే ఈసినోఫిల్స్ తెచ్చే గుండె వాపుకు చాలాసార్లు స్టెరాయిడే మందు. అందుకే ఆ పురుగు అనుమానం ఉంటే ఐవర్‌మెక్టిన్ కూడా ఇస్తారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు డాక్టర్లు ఆగరు, ఆగకూడదు. సూదికి ముందు ఒక ట్యూబు రక్తం తీయడానికి నిమిషం చాలు.

మొదట్లో లెక్క మామూలుగానే ఉండి తర్వాత పెరిగేవాళ్లూ ఉంటారు, మళ్లీ చూడాలి. కరీంనగర్‌కో హైదరాబాద్‌కో రెఫర్ చేస్తే పాత సీబీపీ (రక్త పరీక్ష) కాగితాలన్నీ వెంట తీసుకుపోండి. సూది ఏ తారీఖున వేయించుకున్నారో వాటి మీదే రాసిపెట్టండి.