బండ వెనక నీరు

తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగిన పిల్లలకు నీళ్లంటే ముందు కాలువే. విజ్జేశ్వరం దగ్గర గోదావరిని విడిచి, నిడదవోలు మీదుగా గూడెం దాటి, ఏలూరు చేరి కృష్ణ నీటితో కలిసే ఏలూరు కాలువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతటా అల్లుకున్న కాలువల్లో ఇదొకటి. లాకులు దాటుకుంటూ ధాన్యం పడవలు తిరిగిన రోజుల్లో, గాలి పడిపోతే మనుషులే గట్టున నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. అంత నెమ్మదైన నీరు. అదే గూడెం పక్కన నందమూరులో ఇంకో నీరు కనిపిస్తుంది. కొండల వైపు నుంచి వచ్చే ఎర్రకాలువ అది. అక్విడక్టు మీద ఏలూరు కాలువ, దాని కిందుగా ఎర్రకాలువ. పైది మనిషి గీసిన గీత మీద పారుతుంది. కిందిది ఎగువన గట్టి వాన పడితే చాలు, రాత్రికి రాత్రి చేలను ముంచుతుంది.

ఈ వారం మాట్లాడుకునేది ఆ రెండో రకం నీటి గురించి. దాన్ని వెతుక్కుంటూ కొండలకు వెళ్లే స్నేహితుల గురించి.

వానలు మొదలయ్యాక ఆదివారం తెల్లవారకముందే గూడెం నుంచి, ఏలూరు నుంచి బళ్లు కదులుతాయి. కొందరు జంగారెడ్డిగూడెం దారి పట్టి గుబ్బల మంగమ్మ గుడి వైపు అడవిలోకి పోతారు. కొందరు కొవ్వూరు వంతెన దాటి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరతారు. 2015లో గూడెంలో నిట్ వచ్చాక ఈ గుంపుల్లో ఇతర రాష్ట్రాల కుర్రాళ్లూ కలిశారు. రిషికేశ్‌లో ర్యాఫ్టు ఎక్కి వచ్చినవాడు ఒకడుంటే చాలు, మన వాగుల్లోనూ కయాక్ వేస్తే ఎలా ఉంటుందన్న మాట బొంగు చికెన్ పొయ్యి దగ్గర తప్పకుండా వస్తుంది.

అది మంచి కోరికే. కుర్రతనానికి కొండ, నీరు, తోటివాళ్లు కావాలి. కాకపోతే కయాక్ నడపడమంటే చేతులతో తెడ్డు వేయడమొక్కటే అనుకుంటే అక్కడే పొరపాటు. అందులో సగం పని కళ్లదీ నడుముదీ. ఆ రెండు విద్యలూ మన ప్రాంతానికి కొత్త కావు.

నడుము సంగతి కొల్లేరులో చూడాలి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్లు తెచ్చిపోసే నీటితో నిండి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి జారే సరస్సు అది. ఎక్కువ చోట్ల లోతు మనిషి నిలువు దాటదు. అందుకే అక్కడి పాత పడవ తాటి దోనె. ముదురు తాటి మానుకు బయట ఇనుములాంటి చేవ ఉంటుంది, లోపల మెత్తటి గుజ్జు. ఆ గుజ్జు తొలిస్తే మిగిలేదే పడవ. సన్నగా, గుండ్రటి అడుగుతో ఉంటుంది కాబట్టి కొత్తవాడు ఎక్కీ ఎక్కకముందే పక్కకు ఒరుగుతుంది. రెండు దోనెలు జత కట్టి బరువులు మోయడమూ ఉంది. ఒంటి దోనె మీద మాత్రం మనిషే తూకం. కిక్కిస గడ్డి, గుర్రపుడెక్క మధ్య నుంచి గెడ పోటుతో దోనెను నడిపే వడ్డీ జాలరులను గమనిస్తే ఒకటి తెలుస్తుంది. దోనె ఎటు ఒరిగినా తల మాత్రం నిటారుగానే ఉంటుంది. నడుము కింద ఒక మనిషి, నడుము పైన ఇంకో మనిషి.

కయాక్ శిక్షణలో మొదట్లో నేర్పేది ఇదే. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యుట్ వేటగాళ్లు కొట్టుకొచ్చిన కర్రలతో, ఎముకలతో చట్రం కట్టి, దాని మీద సీల్ తోలు బిగించి చేసుకున్న పడవ కయాక్. వాళ్లకు తాటిచెట్టు లేదు, మనకు సీల్ లేదు. చేతికి దొరికిన దానితో, ఒక్క మనిషికి సరిపడేలా, ఒంటికి తొడుక్కున్నట్టుండే పడవ ఇద్దరూ చేసుకున్నారు. ఇప్పటి కయాక్ ప్లాస్టిక్‌ది. మోకాళ్లు లోపలి అంచులకు ఆనించి, నడుము చుట్టూ రబ్బరు పావడా బిగించి కూర్చుంటారు, నీరు లోపలికి రాకుండా. బోర్లాపడితే బయటికి దూకరు. తల కిందులుగా నీళ్లలోనే ఉండి, తెడ్డును నీటి మీదికి చాపి, నడుము విదిలించి పడవను మళ్లీ నిలబెడతారు. ఆ విదిలింపులో తల చిట్టచివర పైకి రావాలి. ఊపిరి కోసం తలను ముందు లేపారా, పడవ మళ్లీ తిరగబడుతుంది. ప్రాణభయం చెప్పేదానికి సరిగ్గా ఎదురు పని చేయాలి కాబట్టే దాన్ని నిశ్చలమైన నీళ్లలో వందలసార్లు చేయిస్తారు. తెల్లటి నురగలో కాదు. అలాంటి సాధనకు డెల్టా చెరువుల కన్నా మంచి చోటు ఏముంటుంది? పారే కాలువలు మాత్రం వద్దు, ఎందుకో కింద చెబుతాను.

ఇక కళ్ల సంగతి. పారే నీటిని చూసి అడుగున ఏముందో చెప్పగలగాలి. రెండు బండల మధ్య నుంచి నీరు నల్లగా, నున్నగా, దిగువకు మొన తిరిగిన బాణంలా జారుతుంటే అది దారి. మొన ఎగువకు తిరిగి ఉంటే దాని కింద రాయి ఉన్నట్టు. నది వంపు తిరిగే చోట లోతూ వేగమూ బయటి ఒడ్డున ఉంటాయి, ఇసుక లోపలి ఒడ్డున పేరుకుంటుంది. పెద్ద బండను గుద్దుకున్న నీరు రెండు పాయలై దాన్ని దాటిపోతుంది. బండ వెనక ఏర్పడిన పల్లాన్ని నింపడానికి దిగువ నీరు వెనక్కి తిరిగి వస్తుంది. ఉరవడి నడిమధ్య, నాలుగడుగుల మేర, ఏటికి ఎదురుగా మెల్లగా పారే నీరు! కయాకర్లు ఆగేది అక్కడే. ఒక బండ వెనక నుంచి ఇంకో బండ వెనక్కి, మెట్టు మెట్టుగా దిగుతారు. ఏరు మొత్తం ఒక్క ఊపులో దూకడం చేతకాని పని కిందే లెక్క.

నీటి ఉరవడిని 1 నుంచి 6 దాకా తరగతులుగా విడదీసి చెబుతారు. ఒకటంటే చిన్న అలలు, ఆరంటే ప్రాణాలతో బయటపడటం కష్టమైనది. అదే ఏరు వేసవిలో రెండో తరగతి, శ్రావణంలో ఐదో తరగతి కావచ్చు. నీటి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. మోకాలి లోతు నీళ్లే కదా అని దిగినవాళ్లను పడగొట్టేది ఈ లెక్కే. ఈ ఆట 1972లో మ్యూనిక్‌లో తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది, ఆగ్స్‌బర్గ్‌లో కట్టిన కాలువ మీద పోటీలు పెట్టారు. 2024 పారిస్‌లో నలుగురు ఒకేసారి ఢీకొంటూ దిగే కయాక్ క్రాస్ కూడా చేరింది. మన దక్షిణాదిలో కోళిక్కోడ్ జిల్లా కోడంచేరి దగ్గరి కొండవాగుల్లో 2013 నుంచి మలబార్ రివర్ ఫెస్టివల్ జరుగుతోంది. జూలై వానల్లో నిండిన చాలిప్పుళ, ఇరువంజిప్పుళ ఏళ్లలో దిగడానికి విదేశాల నుంచి కయాకర్లు వస్తారు. ఆ ఏళ్లు మన మారేడుమిల్లి దగ్గరి పాములేరు కన్నా మహా గొప్పవేమీ కావు. అక్కడ తాడు పట్టుకుని ఒడ్డున నిలబడే మనుషులు తయారయ్యారు, అదే తేడా.

గోదావరికీ అలాంటి మనుషులు ఉండేవారు. పాపికొండల కనుమలో ఒడ్డు వెంట గూడేలు కట్టుకున్న కొండరెడ్లు వెదురు నరికి, తెప్పలు కట్టి, నది మీద రాజమండ్రి దాకా దించేవారు. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ వాళ్ల మధ్య ఉండి రాసిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో వచ్చింది. వెదురు తెప్పకు పక్కలుండవు, మూతుండదు, వెనక్కి తిప్పే వీలుండదు. ఏ వంపులో ఏ ఒడ్డు పట్టాలో అరమైలు ముందే తెలియాలి. సుడి, మడుగు, పాయ, వాలు అని మనం ఇప్పటికీ వాడే మాటల వెనక ఉన్నది అలాంటి చూపే. ఇప్పుడు పోలవరం వెనక నీరు నిలిచి కనుమలోని ప్రవాహమే మారిపోతోంది. 2021లో నదిని స్పిల్‌వే మీదికి మళ్లించారు. ఒడ్డు ఊళ్లు కదిలిపోతున్నాయి. ఊళ్లతో పాటు ఆ చూపూ పోతుందేమోనన్న దిగులు ఈ ప్రాంతపు వాళ్లకు ఉండాల్సిందే.

ఆ చూపు విలువ 2019 సెప్టెంబరు 15న తెలిసింది. గండిపోచమ్మ దగ్గర బయల్దేరిన పర్యాటకుల బోటు కచ్చులూరు వంపులో మునిగింది. ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. అంటే సెకనుకు 14 వేల టన్నుల పైచిలుకు నీరు, ఇరుకు కనుమలో, మలుపు తిరుగుతూ. బోటులో ఉన్న 77 మందిలో 26 మంది బయటపడ్డారు. వాళ్లను ముందుగా అందుకున్నది ఒడ్డు గూడేల వాళ్లు, తమ సొంత పడవల్లో. అంత పెద్ద బోటు నిలవలేని నీళ్లలో ఆ చిన్న పడవలు ఎలా నిలిచాయి? ఏ నీరు వెనక్కి తిరుగుతుందో, దేని అంచున ఆగవచ్చో ఆ మనుషులకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ తర్వాత లంగర్లు వేసి, ఇనుప తాళ్లతో వెతికి, అక్టోబరు 22న బోటును బయటికి లాగింది కూడా కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందమే. నీటితో బతికిన చేతులవి.

2024 సెప్టెంబరు గుర్తొస్తే ఏలూరు వాళ్ల గొంతు ఇప్పటికీ పూడుకుపోతుంది. ఏలూరులో వైద్యం చదువుకుంటున్న స్నేహితులు మారేడుమిల్లి దాటి జలతరంగిణి జలపాతం చూడటానికి వెళ్లారు. నీరు ఉన్నట్టుండి పెరిగింది. కొట్టుకుపోయినవాళ్లలో ముగ్గురు తిరిగి రాలేదు. వాళ్లది తప్పని ఎవరూ అనకూడదు. కొండవాగు అలాగే వస్తుంది: మన నెత్తిన ఎండ కాస్తుంటుంది, వాన మనకు కనపడని ఎగువ లోయలో పడుతుంది. నీరు బురదరంగు తిరగడం, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకురావడం, ఇందాకటిదాకా పొడిగా ఉన్న రాయి అంచు తడవడం, చప్పుడు బరువెక్కడం. ఈ గుర్తులు కనిపించాక చేతిలో ఉండేవి నిమిషాలే. సెల్ఫీ కోసం నీటికి వీపు పెట్టి నిలబడిన మనిషికి ఈ గుర్తుల్లో ఒక్కటీ కనపడదు. ప్రతి బడిలో, ప్రతి కాలేజీలో వీటిని వానాకాలం ముందే చెప్పాలి.

కాలువల సంగతి చెబుతానన్నాను. లాకుల కింద, రెగ్యులేటర్ల కింద నీరు అడ్డంగా, ఒకే వరుసలో, నిండుగా దూకుతుంది. చూడటానికి అందంగా, ఎత్తు తక్కువగా ఉంటుంది. కింద పడ్డ నీరు అడుగు నుంచి లేచి మళ్లీ గోడ వైపే తిరుగుతుంది. అందులో చిక్కిన మనిషిని పైకీ కిందికీ తిప్పుతూనే ఉంటుంది. బండ వెనక తిరుగునీటికి పక్క దారి ఉంటుంది, దీనికి రెండు వైపులా గోడలే. ఐదో తరగతి ఉరవడిలో దిగే కయాకర్లు కూడా ఇలాంటి చోట పడవ భుజాన వేసుకుని గట్టు మీద నడిచిపోతారు. గూడెం పిల్లలు ఈతకు దూకేది మాత్రం తరచుగా ఇక్కడే. అందుకే కయాక్ కొనబోయే కుర్రాళ్ల కన్నా ముందు, కాలువ గట్టున ఇళ్లున్న తల్లిదండ్రులకు ఈ మాట చేరాలి.

మరి స్నేహితులు ఎందుకు? సరదా ఒక్కటే కాదు. కొండవాగులో కయాక్ దిగేవాళ్లు ముగ్గురికి తగ్గకుండా వెళతారు. బాగా తెలిసినవాడు ముందు, ఇంకో తెలిసినవాడు చివర, నేర్చుకునేవాడు నడుమ. కంటికి కనపడని మలుపు వస్తే అందరూ ఒడ్డెక్కి నడిచి చూస్తారు. వంగిన వెదురు పొద ఒక్కటి నీళ్లలో మునిగి ఉన్నా, నీరు దాటిపోతుంది గానీ మనిషి అందులో చిక్కుకుంటాడు. తెడ్డు నిలువుగా ఎత్తితే రమ్మని, అడ్డంగా పట్టుకుంటే ఆగమని. నీటి హోరులో గొంతులు పనికిరావు, ఈల పనికొస్తుంది. పడవ విడిచి కొట్టుకుపోతుంటే కాళ్లు ముందుకు చాపి వెల్లకిలా తేలాలి, లేచి నిలబడాలని చూస్తే రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది. లైఫ్ జాకెట్ బిగించుకోని వాడు పడవ ఎక్కడు, అంతే. ఇవాళ వద్దు అని గుంపులో ఏ ఒక్కడన్నా మిగతావాళ్లు పడవలు తిప్పుకుని భోజనానికి పోతారు. ఆ మాట అన్నవాణ్ణి ఎవరూ ఎగతాళి చేయరు.

అన్నిటికన్నా కష్టమైన పాత్ర ఒకటుంది. ఉరవడి ముగిసే చోట బండ మీద ఒకడు నిలబడాలి. చేతిలో సంచి, సంచిలో పదిహేను ఇరవై మీటర్ల తేలే తాడు. ఎగువన మిత్రులు ఒక్కొక్కరే బండ వెనక నీటిలోంచి ముక్కు బయటపెట్టి, వాలులోకి తిరిగి, నురగలో మాయమై, మళ్లీ తేలుతుంటారు. వాడు ఫొటో తీయడు, కూర్చోడు. సంచి మూతి విప్పి, తాడు కొస ఎడమ చేత బిగించి పట్టుకుని, నీళ్ల మీద తలలు లెక్కపెడుతూ ఉంటాడు. చివరి పడవ దిగిపోయాకే వాడు తన కయాక్ దగ్గరికి నడుస్తాడు. ఈసారి ఆ బండ మీదికి ఇంకొకడు ఎక్కుతాడు.