పటాన్‌చెరులో సముద్రపు రీలు

సూర్యలంక తీరంలోనో, హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటో పండుగప్ప కోసం గాలం వేసి, రాత్రంతా ప్రయాణించి తెల్లవారేసరికి పటాన్‌చెరు చేరేవాళ్లలో ఒక నమ్మకం గట్టిగా ఉంది. మనది పొడిగాలి, ఇక్కడ ఇనుము అంత తొందరగా తుప్పు పట్టదు, రీలును వచ్చే ఆదివారం తీరిగ్గా చూసుకోవచ్చు అని. గాలి గురించి వాళ్లు అనుకునేది నిజమే. ఉప్పు గురించి అనుకునేది మాత్రం తప్పు.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అదంతా సోడియం క్లోరైడే అయితే, గాలిలో తేమ 75 శాతానికి చేరేదాకా పొడిగానే పడి ఉండేది. కానీ అందులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా కలిసి ఉంది. గాలిలో 33 శాతం తేమ ఉంటే చాలు, అది ఆ తేమను లాక్కుని కరిగిపోతుంది. జాడీలోని రాళ్ల ఉప్పు చెమ్మగిల్లేది చాలావరకు దీనివల్లే. నడివేసవి మధ్యాహ్నాలను పక్కన పెడితే సంగారెడ్డి జిల్లా గాలిలో ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకు మించిన తేమే ఉంటుంది. కాబట్టి రీలు లోపలికి చేరిన ఉప్పు పూర్తిగా ఎండదు. బేరింగు గోళీల మధ్య, స్క్రూల మరల సందుల్లో పలచని ఉప్పునీటి పొరగా నిలిచి, బీరువాలో పెట్టి తాళం వేసినా తన పని తాను చేసుకుపోతుంది.

పైగా రీలు ఒకే లోహంతో చేసిన వస్తువు కాదు. ఒళ్లు అల్యూమినియం లేదా మెగ్నీషియం మిశ్రమం, పినియన్ ఇత్తడి, పెద్ద గేరు జింకు లేదా అల్యూమినియం, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు వేరు వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ, మధ్యలో ఉప్పునీరు ఉంటే అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారైనట్టే. స్టీలు స్క్రూ దగ్గర అందులో కరిగిపోయేది అల్యూమినియం లేదా మెగ్నీషియం ఒళ్లే. స్క్రూ చుట్టూ తెల్లటి పొడి కనిపించిందంటే ఆ పని మొదలైందని అర్థం. ఆ పొడి మరల్లో బిగుసుకున్నాక స్క్రూ కదలదు. బలం పెడితే తల అరుగుతుంది తప్ప మర విడదు.

తీరంలో ఉండేవాడు ఒడ్డెక్కిన గంటలో రీలు కడిగేసుకుంటాడు. మనకు బాపట్ల మూడు వందల కిలోమీటర్ల పైన, విశాఖ అయితే ఆరు వందలు పైమాటే. ఆ రాత్రి ప్రయాణమంతా ఉప్పుకు వదిలేసిన సమయమే. అందుకే లోతట్టు గాలగాడి సర్వీసింగు ఇంట్లో కాదు, తీరంలోనే మొదలవ్వాలి. ఒక సీసా మంచినీళ్లు విడిగా దాచుకుని, డ్రాగ్ అనే బ్రేకు మీటను గట్టిగా బిగించి, నీటిని సన్నగా పోస్తూ హ్యాండిల్ తిప్పుతూ కడగాలి. కారు కడిగే పైపు జోరు రీలుకు శత్రువు. ఆ ఒత్తిడి పైనున్న ఉప్పును రబ్బరు సీళ్లు దాటించి లోపలికి తోస్తుంది. బకెట్లో ముంచినా అంతే. గుడ్డతో తుడిచాక డ్రాగ్‌ను వదులు చేసి, గాలి ఆడే సంచిలో పెట్టాలి. జిప్పు బిగించిన ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు.

ఇంటికి వచ్చాక కడిగే నీటి గురించి ఒక మాట చెప్పాలి. ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. మన రాతినేల బోరునీరు ఎలాగూ గట్టినీరు. దానికి తోడు పటాన్‌చెరు చుట్టుపక్కల భూగర్భజలంలోకి దశాబ్దాలుగా పరిశ్రమల వ్యర్థజలాల లవణాలు చేరాయి. ఆ నీటితో కడిగి ఆరబెడితే సముద్రపు ఉప్పు పోయిన చోట తెల్లటి పొర కడుతుంది. చివరి కడుగు మంజీర నల్లా నీటితోనో, ఆర్‌వో నీటితోనో చేయాలి. స్పూల్‌ను విప్పి, అందులోని డ్రాగ్ వాషర్లు తీసి పక్కన పెట్టి, దారం చుట్టిన స్పూల్‌ను కాసేపు ఆ నీళ్లలో నానబెట్టడం మంచిది. దారపు పొరల అడుగున దాక్కున్న ఉప్పు పైపై కడుగుడుకు రాదు.

ఈ పనికి కావలసిన తెలివి ఈ నేలకు కొత్తది కాదని నేను గట్టిగా నమ్ముతాను. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది, 1980లలో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది, ఆ మధ్యకాలంలోనూ ఆ తర్వాతా పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ షెడ్లతో నిండిపోయాయి. ఫిట్టర్లు, టర్నర్లు, మెయింటెనెన్స్ వాళ్లు ఇక్కడ వీధివీధినా ఉన్నారు. మందుల కంపెనీలో పనిచేసినవాళ్లకు క్లోరైడ్ ఎంత మొండిదో వేరే చెప్పనక్కర్లేదు. 304 రకం స్టీలు ఎక్కడ ఓడిపోతుందో, 316 ఎందుకు వాడతారో, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నచోట స్టీలునే వదిలి గాజుపూత రియాక్టరుకు ఎందుకు వెళ్తారో వాళ్లకు రోజూ కనిపించే విషయం. సముద్రపు ఉప్పు అదే క్లోరైడ్. దసరాకు షెడ్డులో యంత్రాలను తుడిచి, గ్రీజు మార్చి, కుంకుమబొట్టు పెట్టి బంతిపూల దండ వేసే ఆయుధపూజ వెనక ఉన్నది కూడా ఇదే సంస్కారం. పనిముట్టును ఏడాదికొకసారైనా పూర్తిగా విప్పి చూడాలన్న సంస్కారం.

ఆ ఒక్కసారి ఎప్పుడన్నదానికి తీరమే జవాబు చెబుతోంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. విశాఖలోనూ కాకినాడలోనూ నిజాంపట్నంలోనూ ఆ రోజుల్లో పడవలను ఒడ్డుకు లాగి ఇంజన్లు విప్పుతారు, రంగులు వేస్తారు, వలలు బాగుచేసుకుంటారు. మన రీళ్లకు కూడా అదే సరైన కాలం. విడిభాగం విదేశం నుంచి రావలసి వచ్చినా ఆలోగా చేరుతుంది.

విప్పేటప్పుడు తెల్లటి గుడ్డ పరిచిన పళ్లెం ఒకటి ముందు పెట్టుకోవాలి. తీసిన ప్రతి భాగాన్ని తీసిన వరుసలోనే, ఏ ముఖం పైకి ఉందో అలాగే, ఎడమ నుంచి కుడికి పేర్చాలి. ప్రతి మెట్టుకూ ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. వాషర్ మందం కాగితమంత తేడా ఉన్నా గేర్లు కరకరమంటాయి కాబట్టి వరుస తప్పకూడదు. స్క్రూడ్రైవరు స్క్రూ తలలో కదలకుండా కూర్చోవాలి. జపాన్ రీళ్ల స్క్రూల ప్లస్ గాడికి మన మామూలు స్క్రూడ్రైవర్ మొన సరిగ్గా అతకదు, జారి తలను తినేస్తుంది. రోటరును పట్టి ఉంచే నట్టు, ఎడమవైపు బిగించే హ్యాండిల్ కొన్ని రీళ్లలో ఉల్టా థ్రెడ్‌తో ఉంటాయి. కదలడం లేదంటే బలం పెంచేముందు దిక్కు చూసుకోవాలి. నిజంగా జామైతే చొచ్చుకుపోయే నూనె ఒక చుక్క వేసి, హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబెట్టి, రాత్రంతా వదిలేయాలి. తెల్లారి చాలాసార్లు చేతి బలానికే వస్తుంది. సర్క్లిప్పు తీసేటప్పుడు మీద గుడ్డ కప్పాలి. లేకపోతే అది ఎగిరిపడి మంచం కిందకు చేరుతుంది, ఇక దొరకదు.

స్పిన్నింగ్ రీల్లో మొదట చచ్చేది లైన్ రోలర్. దారం స్పూల్ మీదికి చేరేముందు మలుపు తిరిగే చిన్న చక్రం అది. దారం తడిగా వచ్చి, తన మీదున్న ఉప్పునీటిని అక్కడే పిండి వెళ్తుంది. లోపల 4×7×2.5 మిల్లీమీటర్ల వంటి బుల్లి బేరింగు ఉంటుంది. అది బిగుసుకుపోయిందని గాలగాడికి చాలాకాలం తెలియదు, ఎందుకంటే హ్యాండిల్ మామూలుగానే తిరుగుతుంది. ఈలోగా తిరగని చక్రం మీద దారం రాసుకుని గాడి పడుతుంది, ఆ గాడి దారాన్ని కోస్తుంది, పెద్ద చేప పడినరోజు దారం తెగిపోతుంది. తెగినందుకు దారాన్ని తిడతాం. తడి నూలుదారం ఒకటి రోలర్ మీద వేసి, రెండు కొసలూ పట్టి అటూ ఇటూ లాగి చూడండి. చక్రం దారంతోపాటు తిరగాలి. దారం మాత్రమే జారితే విప్పవలసిందే. ఏడాదికొకసారి అన్న నియమం దీనికి వర్తించదు, సముద్రానికి వెళ్లివచ్చిన ప్రతిసారీ ఒక చుక్క నూనె పడాలి.

మిగతా బేరింగులను వేలి మీదే పరీక్షించాలి. అగ్గిపుల్లకు గుచ్చి మెల్లగా తిప్పితే ఇసుక నలిగినట్టు తగిలిందంటే గోళీల మీద గుంటలు పడ్డాయి. స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్నా భరోసా లేదు. గోళీలకు వాడే 440సీ రకం స్టీలులో కార్బన్ ఎక్కువ, గట్టిదనం కోసం తుప్పుకు ఎదురునిలిచే గుణాన్ని కొంత వదులుకున్న స్టీలు అది. అడ్డురేకు తీయగలిగిన బేరింగు అయితే సూదిమొనతో రేకు లేపి, టర్పెంటైన్‌లోనో కిరోసిన్‌లోనో పాత గ్రీజు కరిగేదాకా ఆడించి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. పెట్రోలు జోలికి పోవద్దు, వంటింట్లో అసలే వద్దు. బేరింగు మార్చవలసి వస్తే ఎప్పుడూ రీలు కంపెనీ పేరుతోనే వెతకనక్కర్లేదు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిస్తే చాలు. 5×11×4 అంటే ఎంఆర్115, 8×16×5 అంటే 688. సికింద్రాబాద్ రాణిగంజ్ బేరింగు కొట్ల వాళ్లకు ఈ నంబర్లు కొత్త కాదు. స్టెయిన్‌లెస్ కావాలంటే నంబరు ముందు ఎస్ ఉందో లేదో చూసుకోవాలి.

గ్రీజు గేర్ల పళ్లకూ ఇరుసుకూ స్క్రూల మరలకూ వెళ్తుంది. స్క్రూ మరలకు పలచగా గ్రీజు రాయడం చాలామంది మరిచిపోతారు, ముందు చెప్పిన తెల్లపొడికి అదే విరుగుడు. సముద్రపు పనికి నీటికి కొట్టుకుపోని మెరైన్ గ్రీజు కావాలి. ఒకే ఒక్క చోట గ్రీజు పనికిరాదు. హ్యాండిల్‌ను వెనక్కి తిరగనివ్వకుండా పట్టే రోలర్ క్లచ్‌లో గ్రీజు పడితే సన్నటి రోలర్లు అంటుకుపోయి పట్టు తప్పుతుంది, హ్యాండిల్ వెనక్కి విసురుగా తిరిగి వేళ్లకు తగులుతుంది. అక్కడ పలచని నూనె ఒక్క చుక్క, అంతే.

కడిగిన కిరోసిన్‌ను మోరీలో పోయకండి. ఈ ప్రాంతపు మోరీలు నక్కవాగుకు, నక్కవాగు మంజీరకు. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఆ వాగు చూసిన కష్టం చాలు. మురికి నూనెను సీసాలో పోసి తేటపడనిస్తే పైది మళ్లీ పనికొస్తుంది, అడుగుది వాడేసిన ఇంజన్ ఆయిల్ తీసుకునే మెకానిక్కుకు ఇవ్వవచ్చు.

ఇంత శ్రమ దేనికి, పాతదైతే కొత్తది కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లున్నారు. 1932లో ఫిలడెల్ఫియాలో మొదలైన పెన్ కంపెనీ రీళ్లు దశాబ్దాల వయసువి ఇంకా సముద్రం మీద పనిచేస్తున్నాయి. కారణం, వాటిని ఇంటి బల్ల మీద విప్పడానికి వీలుగా చేశారు, యజమానులు విప్పుతూ వచ్చారు. మన దగ్గర మంచి సముద్రపు రీలు దాదాపు ఎప్పుడూ దిగుమతి సరుకే, జీతగాడికి బరువే. సర్వీసు కేంద్రం అనేది దగ్గర్లో ఉండదు. ఇంకో లాభం ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. లోపల ఏముందో ఎరిగినవాడు చేప లాగుతున్నప్పుడు హ్యాండిల్‌తో గింజుకోడు, డ్రాగ్‌ను నమ్మి వదులుతాడు. సింగూరులో కొర్రమట్టకైనా, మడ అడవుల కాలువలో పండుగప్పకైనా తేడా అక్కడే తెలుస్తుంది.

డ్రాగ్ అంటే చేప లాగినప్పుడు దారాన్ని అదుపుగా జారనిచ్చే బ్రేకు. చెవులున్న లోహపు బిళ్లలు స్పూల్‌తోపాటు తిరుగుతాయి, ఇరుసుకు తాళం పడ్డ బిళ్లలు కదలవు, రెండింటి మధ్య కార్బన్ ఫైబర్ లేదా ఫెల్ట్ ఉంగరాలు. ఇక్కడ కావలసింది రాపిడి పోవడం కాదు, రాపిడి ఒకేలా ఉండడం. ఆగి ఉన్న బిళ్ల కదలడానికి పట్టే బలం, కదిలాక జారడానికి పట్టే బలం దగ్గరదగ్గరగా ఉంటేనే డ్రాగ్ కుదుపు లేకుండా వదులుతుంది. ఉప్పు కాటుకు లోహపు బిళ్ల మీద గుంట పడితే ఆ రెండింటి మధ్యా దూరం పెరిగి, దారం తెగేది ఆ మొదటి కుదుపులోనే. సన్నటి గుంటలైతే గాజుపలక మీద 1000 నంబరు ఎమిరీ కాగితం పరిచి, బిళ్లను దాని మీద చదునుగా రుద్దితే పోతాయి. కార్బన్ ఉంగరాలను టర్పెంటైన్‌లో ముంచకుండా సబ్బునీటితో కడిగి, డ్రాగ్ కోసమే చేసిన గ్రీజు పలచగా రాసి అదనం తుడిచేయాలి. షెడ్డులో దొరికే నల్లటి మాలిబ్డినం గ్రీజు యంత్రానికి దివ్యంగా ఉంటుంది, డ్రాగ్‌కు పనికిరాదు. రాపిడిని తగ్గించడమే దాని పని.

అన్నీ బిగించాక రీలును కర్రకు తగిలించి, గైడుల గుండా దారం తీసి, కొసన స్ప్రింగు కాటా కట్టాలి. ఒకరు కర్రను కాస్త వంచి పట్టుకుంటే ఇంకొకరు కాటాను నిలకడగా లాగాలి. దారం తెగే బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దగ్గర స్పూల్ జారాలి. 30 పౌండ్ల దారం, అంటే 13.6 కిలోలు, అయితే కాటా మూడున్నర, నాలుగున్నర కిలోల మధ్య చూపించాలి. ముల్లు అక్కడ నిలకడగా నిలిస్తే పని కుదిరింది. ఎగిరెగిరి పడుతుంటే డ్రాగ్‌ను మళ్లీ విప్పి, ఏ బిళ్ల తేడా చేస్తోందో ఒక్కొక్కటిగా చూడాలి.