‘మాలపిల్ల’లో ఆలయప్రవేశం: అనుగ్రహమా, హక్కా?

గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో 1938లో విడుదలైన ‘మాలపిల్ల’ ఆలయప్రవేశాన్ని సమర్థించిన చిత్రంగా ప్రసిద్ధి పొందింది. ఆ ప్రసిద్ధి సమంజసమే. అయితే ఆ ప్రవేశం ఏ ప్రాతిపదికపై సిద్ధించిందన్నది పరిశీలనార్హం. అగ్నిప్రమాదంలో చిక్కుకున్న సనాతనవాది భార్యను దళితులు కాపాడుతారు. అతని మనసు మారుతుంది, గుడి తలుపులు తెరుచుకుంటాయి. కథాపరంగా ఇది కృతజ్ఞతాఫలం. అటువంటి ఉపకారం చేసే అవకాశం రానివారి గతి ఏమిటన్న ప్రశ్న మిగిలిపోతుంది.

1939 నాటి మద్రాసు చట్టమూ ధర్మకర్తల సమ్మతినే ఆశ్రయించింది. 1947 చట్టం ప్రవేశాన్ని హక్కు చేసింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగపు 25వ అధికరణం మతస్వేచ్ఛకు హామీ ఇస్తూనే, ప్రజాస్వభావం గల హిందూ ఆలయాలను అన్ని వర్గాలకూ తెరిపించే శాసనాధికారాన్ని రాజ్యానికి నిలిపి ఉంచింది. మతాన్నీ రాజ్యాన్నీ వేరుచేసే అమెరికా సూత్రానికీ భారతీయ లౌకికత్వానికీ గల ముఖ్యభేదం ఇక్కడ స్పష్టమవుతుంది. మతస్వేచ్ఛ ఆలయాధిపతికి ఎంతో, వాకిట నిలిచిన భక్తునికీ అంతే.

మద్రాసు నుంచి తరలివచ్చి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో స్థిరపడిన తెలుగు చలనచిత్రసీమ గుడిని కథావస్తువు చేసినప్పుడల్లా, తలుపు ఎవరి అధికారంతో తెరుచుకున్నదని విమర్శకుడు అడగవలసి ఉంటుంది.