సున్నపు పలుకును చుట్టిన కణితి

అండాశయాల్లోనో వృషణాల్లోనో ఉండవలసిన బీజకణాల పోలికలున్న జర్మినోమా అనే కణితి మెదడు నడిమధ్యలో పుడుతుంది. ఎక్కువగా పది నుంచి ఇరవై ఏళ్లలోపు వాళ్లకు, అందులోనూ జపాన్, కొరియాల్లో మరీ ఎక్కువగా వస్తుంది. దాని ప్రధాన స్థావరాలు రెండు: వెనక పీనియల్ గ్రంథి, ముందు పిట్యూటరీ కాడ. పీనియల్ దగ్గర పెరిగితే పిల్లవాడు కళ్లు పైకెత్తి చూడలేడు. పక్కనే ఉన్న సన్నటి ద్రవనాళం మూసుకుపోయి మెదడులో నీరు చేరుతుంది. కాడ దగ్గర పెరిగితే ఆగని దాహం, అదేపనిగా మూత్రం. స్కాను తీయకముందే చోటు తెలిసిపోతుందన్నమాట.

సి.టి.లో రేడియాలజిస్టు ముందు వెతికేది సున్నపు పలుకును. పీనియల్‌లో వయసుతోపాటు కాల్షియం పేరుకోవడం మామూలే. జర్మినోమా పనసతొన గింజను చుట్టినట్టు ఆ పలుకును చుట్టి పెరుగుతుంది. గ్రంథి సొంత కణాల్లోంచి పుట్టిన కణితి అయితే దాన్ని ముక్కలు చేసి అంచులకు నెట్టేస్తుంది. ఇది ప్రతిసారీ నిలిచే నియమం కాదు. అయినా ఒక తెల్లచుక్క ఉన్న చోటును బట్టి కణితి ఎటునుంచి పెరిగిందో ఊహించగలగడం నాకు గొప్ప పనితనంగా తోస్తుంది.

ఎం.ఆర్.ఐ. ఇంకా సూక్ష్మం. టి1 చిత్రంలో పిట్యూటరీ వెనకభాగం మామూలుగా తెల్లగా మెరుస్తుంది. అతిదాహమున్న పిల్లల్లో ఆ మెరుపు పోతుంది, ఒక్కోసారి కణితి కనబడకముందే. అందుకే కాడ కాస్త మందంగా ఉందంతే అనిపించినా వదిలేయరు, కొన్ని నెలలకొకసారి మళ్లీ తీస్తారు. కొవ్వు కనిపిస్తే టెరటోమా, రక్తస్రావం కనిపిస్తే కోరియోకార్సినోమా అనే ఇతర బీజకణ కణితులు గుర్తుకొస్తాయి. కణాలు ద్రవంలో కొట్టుకుపోగలవు కాబట్టి వెన్నుపామంతా కూడా చూస్తారు.

తర్వాత రక్తంలోనూ వెన్నుద్రవంలోనూ ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ అనే కణితి సూచకాలను కొలుస్తారు. ఏఎఫ్‌పీ స్పష్టంగా పెరిగితే అది శుద్ధ జర్మినోమా కాదు. హెచ్‌సీజీ కొద్దిగా పెరగడం జర్మినోమాలోనూ ఉంటుంది. రెంటిలో ఏది బాగా పెరిగినా, స్కాను కూడా బీజకణ కణితినే సూచిస్తుంటే, కణితి ముక్క తీసి పరీక్షించకుండానే చికిత్స మొదలుపెట్టవచ్చు.

అంకెలు మామూలుగా ఉంటే ముక్క కావాలి. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి ఎండోస్కోపును మెదడులో ద్రవముండే మూడో కోష్ఠకంలోకి దింపుతారు. ఆ కోష్ఠకం అడుగున దారి తెరిచి చేరిన నీటిని వదులుతారు. అదే ప్రయాణంలో ద్రవాన్నీ, కణితి ముక్కనీ తీసుకుంటారు.

చివరి చిక్కు మైక్రోస్కోపు కింద. జర్మినోమాలో పెద్ద, లేతరంగు కణాల మధ్య చిన్న లింఫోసైట్లు గుంపులుగా ఉంటాయి. ముక్క మరీ చిన్నదైతే లింఫోసైట్లూ, క్షయలోనూ కనిపించే గ్రాన్యులోమాలూ మాత్రమే చిక్కవచ్చు. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో అది క్షయే అనిపించడానికి ఎంతో సేపు పట్టదు. అప్పుడు పేథాలజిస్టు ఓసీటీ4 రంగు పరీక్ష చేస్తాడు. లింఫోసైట్లు ఆ రంగు పట్టవు. జర్మినోమా కణం ఒక్కటి దాగి ఉన్నా దాని కేంద్రకం గోధుమరంగులో బయటపడుతుంది. రేడియేషన్‌కు బాగా లొంగే ఆ జబ్బుకు క్షయ మందులివ్వడం అక్కడే ఆగుతుంది.